బావా, ముందు పెరడు చూడాలి

బరంపురం,
ఆదివారం పొద్దున

ఒరేయ్ బావా,

నీ ఉత్తరానికి జవాబు ఇన్నాళ్లు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ అంతా బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, ఇంటికి రంగులేయించాం, మిగతావి ఫోన్‌లో. మోటార్‌సైకిళ్ల మీద వచ్చే మీవాళ్లకి ఇక్కడి గోపాల్‌పూర్ బీచ్‌లో బస గురించి అడిగావు చూడు, అది మాత్రం వివరంగా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

"పద్దెనిమిది మందికి ఆరు రూములు చూసిపెట్టు" అని రాశావు. రూములదేముందిరా, దొరుకుతాయి. పద్నాలుగు బళ్లు ఎక్కడ పెడతారు? బీచ్ దగ్గరి లాడ్జీల్లో చాలావాటికి ముందు రెండు కార్లు పట్టే జాగా తప్ప ఏమీ ఉండదు. మిగతా బళ్లు రోడ్డు పక్క ఇసకలో పెట్టమంటారు. అందుకే ముందు పెరడు, తర్వాత గేటు, ఆ తర్వాతే మంచాలు.

లెక్క చూడు. మీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పొడవు ఏడడుగులు. అద్దాలూ, సైడ్ స్టాండు మీద వాలే ఒరుగూ కలుపుకుంటే ఒక్కోదానికి నాలుగడుగుల వెడల్పు వదలాలి. ఏడేసి బళ్లు రెండు వరసలు, ఎదురెదురుగా, మధ్యలో పదడుగుల దారి. అంటే 28 అడుగులకి 24 అడుగుల ఖాళీ చోటు, అదీ గట్టి నేల. ఇంతకన్నా ఇరికిస్తే ఒకటి ఒరిగిందంటే వరస మొత్తం పడుతుంది. ముందు చక్రాలన్నీ దారి వైపే ఉండాలి. తెల్లారి అయిదింటికి 195 కిలోల బండిని ఇసకలో వెనక్కి లాగడమంటే నడుములు పోతాయి. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు, టేపుతోనే కొలవాలి!

నేల గట్టిగా లేకపోతే ఒక్కొక్కరూ నాలుగంగుళాల చదరపు చెక్క ముక్క తెచ్చుకోమను, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. స్టాండు కింద అది లేకపోతే సాయంత్రం నిటారుగా పెట్టిన బండి తెల్లారేసరికి ఇసకలో దిగబడి పక్కదాని మీద వాలిపోతుంది. బండి గేర్‌లో ఉంచాలి. సముద్రానికి ఎదురుగా కవర్లు కప్పొద్దను. గాలికి కవరు తెరచాపలా ఉబ్బి బండినే తోసేస్తుంది, లోపల చేరిన ఇసక రంగు గీసేస్తుంది. భవనం చాటున పెడితే ఉప్పు తడి కూడా తక్కువ తగులుతుంది.

ఉప్పు అంటే గుర్తొచ్చింది, లాడ్జి చూడ్డానికి వెళ్లినవాడు కుళాయి నీళ్లు నాలిక మీద వేసుకుని చూడాలి. కొన్నిచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో బండి కడిగితే కడగనిదే మేలు. మంచినీళ్లయితే ఒక్కో బండికి ఒక బకెట్, తడిగుడ్డతో తుడుచుకుని, చైను ఆరాక నూనె రాస్తే చాలు.

ఇప్పుడు రూములు. ముగ్గురికో రూము, ఒకరికి కింద పరుపు. అలా ఆరు సరిపోతాయి గానీ ఏడు తీసుకో. ఆ ఏడోది తడి జాకెట్లకీ, సామానుకీ, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పడుకోడానికీ.

అన్నీ ఒకే లాడ్జిలో దొరక్కపోతే పక్కపక్కనే ఉన్న రెండు తీసుకోవచ్చు, బళ్లు మాత్రం ఒక్కచోటే ఉండాలి, ఒక్క కాపలాదారు చాలు. అదీ కుదరకపోతే మా బరంపురంలోనే దిగండి. పదహారు కిలోమీటర్లే, రూములకి కరువు లేదు. కాకపోతే గోపాల్‌పూర్‌లో మీ రాత్రి కార్యక్రమాలు ముగిశాక అలిసిపోయి చీకట్లో రావాలి, అది నాకు ఇష్టం లేదు.

నవంబరా జనవరా అని మీవాళ్లు ఇంకా తేల్చలేదన్నావుగా, జనవరి పెట్టించు. అక్టోబర్ అసలే వద్దు. 2013లో ఫైలిన్ తుఫాను ఈ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అక్టోబర్ 12న. దసరాకైతే బెంగాలీ యాత్రికులతో రూములన్నీ నిండిపోతాయి. నవంబర్లో కార్తీకం. ఒడియావాళ్లు చాలామంది నెలంతా నీచు ముట్టరు, చివరి అయిదు రోజులు పంచుక అని మరీ నిష్ఠ. చేపల పులుసు మీద ఆశ పెట్టుకున్నవాళ్లకి వంటగదిలో పప్పు, కూరలే దొరకొచ్చు. ఏ నెలైనా గురువారం రాత్రి చేరుకునేట్టయితే భోజనం సంగతి ముందే అడుగు, లక్ష్మీవారమని కొందరు ఆ రోజు నీచు వండరు.

అడ్వాన్సు కట్టే ముందు కాగితం మీద రాయించు: రూము నంబర్లు, ఎన్ని పరుపులు, బళ్లు పెట్టే చోటు, తుఫాను వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా అన్నదీ అడుగు. రోజుకి 7,500 రూపాయల లోపు రూముకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, ఎవరైనా పాత 12 శాతం లెక్క చెబితే ఒప్పుకోకు. చెకౌట్ ఎన్నింటికో తప్పకుండా అడగాలి. కొన్నిచోట్ల పూరీ పద్ధతి, పొద్దున ఎనిమిదికే ఖాళీ చెయ్యమంటారు. మన సోంపేట మావయ్యలా గట్టి గొంతుతో అడుగు, రేటు దానంతటదే దిగుతుంది!

అందరి ఆధార్ జిరాక్సులూ, బండి కాగితాలూ ఒక్క ఫైల్లో పెట్టుకో. లేకపోతే రిజిస్టర్ దగ్గరే రాత్రయిపోతుంది.

ఇంకోటి, ఇది నా మనసులో మాట. అక్కడి నోళియాలు, అదే చేపలు పట్టేవాళ్లు, తెలుగే మాట్లాడతారు. తెల్లవారకముందే పడవలు దించాలి గనక పెందలాడే పడుకుంటారు. రాత్రి పది దాటాక ఇంజిన్లు రేజ్ చెయ్యొద్దని మీవాళ్లకి గట్టిగా చెప్పు. పొద్దున్నే ఒడ్డుకెళ్లి తెలుగులో పలకరిస్తే వలలోంచి తీసిన చేప అప్పటికప్పుడు దొరుకుతుంది. వండిపెట్టడానికి లాడ్జివాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే...

అదుగో, ఇచ్ఛాపురం వెళ్లే కుర్రాడు బండి స్టార్ట్ చేసేశాడు, కవరు వాడి చేతికే ఇవ్వాలి. తేదీ తేలగానే ఫోన్ చెయ్, నేను టేపు పట్టుకుని వెళ్లి పెరడు కొలిచి వస్తా. అప్పటిదాకా ఎవరికీ పైసా పంపకు.

నీ,
బరంపురం బావ