మా పాప చదువు నిలబెట్టిన టీచర్లకు కృతజ్ఞతలు

మాది ధర్మవరం దగ్గర ఒక పల్లె. మగ్గం నేసుకుని బతికే ఇల్లు. మా పాప 2025 మార్చిలో ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్ నుంచి పదో తరగతి పరీక్షలు రాసి 600కి 507 మార్కులు తెచ్చుకుంది. ఆ మార్కుల వెనక ఎంతమంది కష్టం ఉందో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

డిసెంబరులో పాపకు పచ్చకామెర్లు వచ్చాయి. నెలన్నర మంచం మీదే. పదో తరగతికి అదే అసలు సమయం. పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు, రోజుకో స్లిప్ టెస్ట్. పైగా ఆ ఏడే పదికి కొత్తగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. సీనియర్ల నోట్సు అడిగి తెచ్చుకుందామన్నా పనికిరాదు. "ఈ ఏడు పోతే పోయింది, పిల్ల కోలుకుంటే చాలు" అంది మా ఆవిడ. నేనూ సరేనన్నాను. ఆ మాట చెప్పడానికే జనవరి నెలాఖరులో స్కూలుకు వెళ్లాను.

హెచ్ఎం మేడమ్ నన్ను కూర్చోబెట్టి టీచర్లందరినీ పిలిపించారు. ఎవరి సబ్జెక్టులో ఏ పాఠాలు పోయాయో వాళ్లు చెబుతుంటే ఆమే కాగితం మీద రాసుకున్నారు. రోజుకు ఒకటే సబ్జెక్టు, గంటన్నరకు మించకూడదు, పిల్ల అలసిపోతే ఆపేయాలి అని తేల్చారు. ఫిజికల్ సైన్స్, బయాలజీ వేర్వేరు రోజుల్లో 50 మార్కులకు రెండు పేపర్లు కదా, అందుకని లెక్కల సార్ తన వంతులో ఒక రోజు సైన్సుకు ఇచ్చేశారు. ఆ రోజు పోయిన క్లాసు ఆదివారం మా ఇంటికి వచ్చి చెప్పారు.

ఆ ఆదివారం నేను మర్చిపోలేను. త్రికోణమితి అంటే పాపకు భయం. సార్ వాకిట్లో మీటరు స్కేలు నిలబెట్టించి, దాని నీడను కొలుస్తూ ఉండమన్నారు. పదిన్నర ప్రాంతంలో నీడ కూడా సరిగ్గా మీటరుకు వచ్చింది. "ఇప్పుడు ఎండ 45 డిగ్రీల్లో ఉంది. టాన్ 45 ఎంత?" అన్నారు. పాప ఒకటి అంది. అంటే నీడ ఎంతో ఎత్తూ అంతే. "అయితే ఆ కరెంటు స్తంభం ఎత్తు చెప్పు." పాప మగ్గం దగ్గర్నుంచి పట్టు దారం తెచ్చి స్తంభం నీడ కొలిచి, పైకి ఎక్కకుండానే ఎత్తు చెప్పేసింది. జబ్బు పడ్డాక పాప నవ్వగా నేను చూసింది ఆ రోజే. పక్కన నిలబడి చూసిన నాకూ అర్థమైంది. నేను ఏడో తరగతితో చదువు ఆపేసినవాణ్ని.

బయాలజీ మేడమ్ పోయిన పాఠాలన్నీ తన చేత్తో నోట్సు రాసిచ్చారు, బొమ్మలతో సహా. ఏ పాఠమైనా ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లిష్‌లో రాయించేవారు. హిందీలో 20 వస్తే పాస్ అని మేం సరిపెట్టుకోబోతే హిందీ మేడమ్ ఒప్పుకోలేదు, పాపకు 78 వచ్చాయి. సోషల్ సార్ రోజూ ఒక ఖాళీ మ్యాపు పంపేవారు, నదులు, రేవులు గుర్తించి మర్నాడు చూపించాలి. తెలుగు సార్, ఇంగ్లిష్ మేడమ్, పీఈటీ సార్, మీరూ చాలా చేశారు.

మధ్యాహ్న భోజనం వండే అక్కకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. పాప పత్యంలో ఉన్నన్నాళ్లూ కారం, నూనె లేకుండా పప్పు విడిగా తీసిపెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనే అడిగి తెలుసుకుంది.

మీ అందరికీ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. పాప ధర్మవరంలో ఇంటర్ బైపీసీలో చేరింది. బయాలజీ మేడమ్ రాసిన నోట్సు మా దగ్గర భద్రంగా ఉంది. ఈ ఏడు పది చదివే పిల్లలు ఎవరికి కావాలన్నా ఇంటికి వచ్చి తీసుకెళ్లండి, మేడమ్ సరేనన్నారు.