గంగలో పడింది ఫోన్ ఒక్కటే కాదు

సంపాదకులకు,

మొన్న అమ్మానాన్నలతో ప్రయాగ, గయ, కాశీ తిరిగొచ్చాం. చివరి రోజు దశాశ్వమేధ ఘాట్‌లో పడవ ఎక్కుతుంటే నా ఫోన్ జారి గంగలో పడింది. ఫోన్ పోతే పోయింది, గయలో నాన్న పిండప్రదానం చేస్తున్న ఫొటోలు కూడా అందులోనే ఉన్నాయి. క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో ఫొటోలు దాచుకునే నా గూగుల్ ఖాతాలో ఉంటాయిలే అని ధీమాగా ఇంటికొచ్చి చూస్తే, మొదటి రోజు తర్వాత ఒక్కటీ ఎక్కలేదు!

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు ఎప్పుడో నిండిపోయింది. గూగుల్ ఫొటోస్‌లో అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1తోనే ఆగిపోయింది, ఇప్పుడు ఆ 15 జీబీలోనే మెయిళ్లు, డ్రైవ్ ఫైళ్లు, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. చోటు లేదని ఫోన్ చెబుతూనే ఉంది, నేనే పక్కకి తోసేశాను.

మా మరదలు మాత్రం రోజూ రాత్రి గదికి రాగానే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి (నేరుగా ఫోన్‌కే గుచ్చుకునే రకం) కాపీ చేసి, దాన్ని ఫోన్‌తో కాకుండా బట్టల సంచిలో పెట్టేది, అప్పుడు నవ్వాం. ఇప్పుడు మాకున్న మంచి ఫొటోలన్నీ ఆవిడవే. నేను వాట్సాప్ గ్రూపులో పెట్టినవి కొన్ని దొరికాయి గానీ అది సైజు తగ్గించి పంపుతుంది కదా, పెద్దది చేస్తే ముఖాలు అలికినట్టున్నాయి. డాక్యుమెంట్‌గా పంపి ఉంటే అసలు ఫొటో ఉన్నదున్నట్టు వెళ్లేది.

యాత్రకు ఏ మందులు, ఏ దుప్పట్లు పట్టుకెళ్లాలో మీ పేజీల్లో రాస్తుంటారు, ఈసారి ఆ జాబితాలో ఒక పెన్‌డ్రైవ్ కూడా చేర్చండి.

- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం