బధిరుల మాట వారినే చెప్పుకోనివ్వండి

ప్రభుత్వ ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో సంజ్ఞా భాష తెలిసిన మనిషి దాదాపుగా కనిపించకపోవడం వల్ల, బధిరులు తమ గురించి తాము చెప్పుకునే వీలునే కోల్పోతున్నారు. ఒక ఆసుపత్రి ఓపీలో బధిర యువతి ఒకరు తన కడుపునొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో వేళ్లతో స్పష్టంగా చూపిస్తున్నా, వైద్యుడు ఆమె వైపు చూడకుండా వెంట వచ్చిన తమ్ముణ్ణే ప్రశ్నలడిగి, అతడికి తెలిసిన నాలుగు ముక్కలే చీటీలో రాయడం నేను చూశాను. కాసేపటికి అదే యువతి వరండాలో స్నేహితురాలితో చకచకా సైగలతో మాట్లాడుతుంటే, లోపల ఆమెను మందమతిగా చూసినవారు ఎంత పొరబడ్డారో తెలిసింది. ఎప్పుడూ ఇంకొకరి నోటితోనే పలకాల్సి వచ్చిన మనిషి క్రమంగా తన విలువ అంతే కాబోలని నమ్మడం మొదలుపెడుతుంది. చికిత్సలో జరిగే పొరపాటు కన్నా నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషను గుర్తించింది. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల నిఘంటువును కూడా తెచ్చింది. కనుక రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రతి జిల్లా ఆసుపత్రిలో, సోమవారం అర్జీలు తీసుకునే ప్రతి కలెక్టరేట్‌లో శిక్షణ పొందిన ఒక దుబాసీని నియమించాలి, అంతవరకు వీడియో కాల్ ద్వారానైనా ఆ సేవ అందించాలి. ఈ నియామకాల్లో బధిర తల్లిదండ్రుల పిల్లలకు ప్రాధాన్యం ఇవ్వడం న్యాయం, ఎందుకంటే వారికి ఈ భాష ఉగ్గుపాలతోనే అబ్బుతుంది.