మా చెల్లెలి జబ్బుకు మీ కంప్యూటర్లో గడి ఎప్పుడు పెడతారు, మంత్రిగారూ?

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ సోమవారం అర్జీల్లో ఇచ్చాను. మూడింటికీ ఫోనుకు ఒకటే మెసేజి, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. ఆ పరిష్కరించిన మహానుభావులెవరో చెబితే వాళ్లింటికి ఒక గెల బొండాలు పంపుకుంటాను.

పేదలకి ఆసుపత్రి ఖర్చు పెట్టే సర్కారు వైద్య పథకం సంగతి మీకు నేను చెప్పేదేముంది. నా గోడంతా రిపోర్టులో ఉన్న ఒక్క మాట గురించి. బోర్డర్‌లైన్.

మా చెల్లెలికి 32 ఏళ్లు. నిరుడు దాళ్వా ఊడ్పులప్పుడు కడుపు ఉబ్బరం మొదలైంది. గ్యాస్ అనుకున్నాం. మా ఊరి ఆరెంపీ గారూ అదే అనుకుని బిళ్లలిచ్చారు. చీర కుచ్చిళ్లు నిలవడం లేదంటే తిండి తగ్గించమని నేనే వేళాకోళం చేశాను. స్కానింగ్ తీస్తే ఎడమ అండాశయంలో కొబ్బరికాయంత గడ్డ. ఆపరేషన్‌కి పథకంలో డబ్బు వచ్చింది, లేదనను. ముక్క పరీక్షకి పంపితే 26 రోజులకి కాగితం చేతికొచ్చింది. అందులో "ఎండోమెట్రియాయిడ్ బోర్డర్‌లైన్ ట్యూమర్" అని ఉంది.

డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. ఇది మామూలు గడ్డా కాదు, క్యాన్సరూ కాదు. కణాలు తేడాగా పెరిగాయి గానీ చుట్టుపక్కల కండలోకి చొరబడలేదు. అండాశయం దాటకపోతే ఐదేళ్ల తర్వాత కూడా నూటికి 95 మందికి పైగా క్షేమంగా ఉంటారు, దీనికి కీమో అక్కర్లేదు. అయితే పదేళ్ల తర్వాతైనా తిరగబెట్టొచ్చు కాబట్టి ఏళ్ల తరబడి స్కానింగులు తీయించుకోవాలి. పైగా ఈ రకం గడ్డ వచ్చినవాళ్లకి గర్భసంచి లోపలి పొర కూడా చెడి ఉండొచ్చు, దాన్నీ చూడాలి అన్నారు.

ఆ స్కానింగులకి పథకంలో డబ్బు ఇప్పించమని మా తిరుగుడు మొదలైంది. మా లంక నుంచి రేవు దాటి, ఆటో ఎక్కి, రెండు బస్సులు మారితే ఆ ఆసుపత్రి. క్యాన్సర్ కౌంటరుకి వెళితే "ఇది క్యాన్సర్ కాదమ్మా, సంతోషించండి" అన్నారు. సంతోషిస్తూ పక్క కౌంటరుకి వెళ్లాం. "ట్యూమర్ అని రాసుంది కదా, క్యాన్సర్ వాళ్లనే అడగండి" అన్నారు. మళ్లీ మొదటి కౌంటరు. భోజనాల వేళ అయింది, రేపు రమ్మన్నారు. రేపంటే మళ్లీ రేవు, ఆటో, రెండు బస్సులు, చెల్లెలికి ఇంకో రోజు కూలి పోవడం. ఇలా ఐదుసార్లు తిరిగాం. చివరికి ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర అబ్బాయి జాలిపడి కంప్యూటరు తిప్పి చూపించాడు. క్యాన్సర్‌కి ఒక గడి, క్యాన్సర్ కానిదానికి ఒక గడి. "మీదానికి గడి లేదండీ" అన్నాడు. పాపం అతన్నేం అంటాం!

అయ్యా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1973లోనే ఈ గడ్డల్ని వేరే రకంగా లెక్కలోకి తీసుకుంది. అప్పటికి మా చెల్లెలు కాదు, నేనూ పుట్టలేదు. మీ కంప్యూటరు మాత్రం తర్వాతే పుట్టి ఉంటుంది.

ఇంతలో నెలసరికి ముందే రక్తం పోవడం మొదలైంది. స్కానింగులో గర్భసంచి పొర మందంగా ఉందన్నారు. ఆ పొర ముక్క పరీక్షకి ఒక కొబ్బరి దింపు డబ్బు మొత్తం పెట్టాం. పొర అతిగా పెరిగింది, కణాల్లో తేడా లేదు, హార్మోను మందుతో తగ్గుతుంది, ఆరు నెలలకి మళ్లీ ముక్క తీసి చూడాలి అన్నారు. ఈ మందుకీ, రెండో ముక్కకీ కూడా గడి లేదట! "గర్భసంచి తీయించుకుంటారా? అయితే ఇప్పుడే రాస్తాం" అన్నారు.

మా చెల్లెలికి ఒక్కతే కూతురు, ఇంకో బిడ్డ కావాలని ఆశ. కుడి అండాశయం బాగుంది, ప్రయత్నించవచ్చని డాక్టరమ్మే అన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 9 మంది గర్భసంచి తీయించుకున్నవాళ్లే. దేశం మొత్తం లెక్కకి ఇది రెండింతలకు పైనే. తీసేస్తే డబ్బిచ్చి, కాపాడుకుంటానంటే ఇవ్వకపోతే ఆ లెక్క ఎలా తగ్గుతుంది, మీరే చెప్పండి.

దయచేసి ఆ గడి పెట్టించండి. స్కానింగులు, ముక్క పరీక్షలు, హార్మోను మందు దానికింద రాయించండి. ముక్క పరీక్ష కాగితం నెల తిప్పకుండా ఇప్పించండి. ఇంకా చాలా ఉన్నాయి, ముందు ఆ గడి పెట్టించండి బాబూ. శ్రావణంలో మళ్లీ స్కానింగ్ ఉంది, ఈసారి దింపు ధర కూడా లేదు.

రిపోర్టు జిరాక్సు జతచేశాను. ఒరిజినల్ మాత్రం అడగకండి. మూడుసార్లు ఇచ్చి, మూడుసార్లూ బీరువాల వెనక వెతికించి తెచ్చుకున్నాం.

ఇట్లు,
ఒక అక్క,
గౌతమి ఒడ్డున ఒక లంక ఊరు, కోనసీమ