బడి కార్డు లేని పిల్లలకూ ప్రదర్శనశాలల్లో, గ్రంథాలయాల్లో చోటివ్వాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

జూన్ నెలలో బడులు తెరిచే రోజులు దగ్గరపడగానే బంధువుల ఇళ్లలోనూ, అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గరా, బస్సులో పక్క సీటు నుంచీ మాకు ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: "పిల్లల్ని ఏ స్కూల్లో వేశారండీ?" పదకొండేళ్ల మా అమ్మాయి, ఎనిమిదేళ్ల మా అబ్బాయి ఏ బడికీ వెళ్లరనీ, ఇంటి దగ్గరే చదువుకుంటారనీ చెబితే అడిగినవారు కంగారుపడతారు. ఆ కంగారు వెనుక పిల్లల మీద అభిమానమే ఉంటుంది కనుక ఓపికగా జవాబు చెప్పడం మాకు అలవాటైంది. నేను ఈ లేఖ రాయడానికి కారణం వేరు. హైదరాబాదులో పిల్లలు కళ్లారా చూసి నేర్చుకోదగిన ప్రజాసంస్థలు ఎన్నో ఉన్నాయి. అయితే చదువుకునే పిల్లలంటే యూనిఫాం తొడుక్కుని, బడివారి ఉత్తరంతో, బస్సు నిండా కలిసి వచ్చేవారేనన్న భావన వాటిలో చాలా చోట్ల నిబంధనగా స్థిరపడిపోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని, మామూలు బుధవారం ఉదయాన, తనదైన ఒక ప్రశ్నతో వచ్చిన పిల్లకు ఆ నిబంధనల్లో చోటు లేదు.

ఇంటి చదువు అనగానే చాలామంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల్లి పిల్లల్ని బల్ల ముందు కూర్చోబెట్టి పాఠాలు వల్లె వేయిస్తుందనుకుంటారు. మా ఇంట్లో ఉదయం రెండు గంటలు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు పుస్తకాలతో సాగుతాయి. మిగిలిన చదువు ఇంటి పనుల్లోనూ, ఊరు తిరగడంలోనూ కలిసిపోయి ఉంటుంది. మొన్న వేసవిలో ఆవకాయ పెట్టిన రోజునే తీసుకుందాం. మా అత్తగారు ఇప్పటికీ సోల, తవ్వ, మానికలతోనే కొలుస్తారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని ఆవిడ చెబుతుంటే మా అమ్మాయి రాసుకుని, ప్రతి ఏటా పెట్టే కాయల్లో సగమే తెచ్చాం కనుక ఆవపిండి, కారం, ఉప్పు అన్నింటినీ సగానికి తగ్గించి లెక్క వేసింది. భిన్నాల పాఠం అంతటితో ముగిసేదే కానీ, సోలెడు ఉప్పునూ సోలెడు ఆవపిండినీ వంటింటి కాటాలో పెట్టి చూసిన మా అబ్బాయి, "గిన్నె ఒకటే కదా నానమ్మా, ఉప్పెందుకు ఎక్కువ తూగింది?" అని అడిగాడు. ఆ మధ్యాహ్నం కారం, బియ్యం, నూనె, నీళ్లు అన్నీ అదే సోలతో కొలిచి, తూచి, పట్టిక రాశారు. సాంద్రత అనే మాట పుస్తకంలో ఎదురయ్యే నాటికి దానికి అర్థం వాళ్ల చేతికి తెలిసే ఉంటుంది. కరెంటు బిల్లు వచ్చినప్పుడు పాత రీడింగు, కొత్త రీడింగు తీసివేసి, యూనిట్లు ఏ శ్లాబులో పడ్డాయో చూసి, మొత్తం సరిపోయిందో లేదో సరిచూడడం ఇప్పుడు మా అబ్బాయి పని.

ఇక ఊరు తిరగడం. చాదర్‌ఘాట్ వంతెన మీదుగా బస్సులో వెళ్తున్నప్పుడు మా అమ్మాయి కిందికి చూసి, ఇంత సన్నగా పారే నీటికి ఇంత వెడల్పు నది ఎందుకని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మమ్మల్ని చాలా వారాలు తిప్పింది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలాదిమంది చనిపోయారనీ, నది ఒడ్డున ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారనీ చదివి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న ఆ చెట్టు దగ్గరికి వెళ్లాం. పిల్లలిద్దరూ చెట్టు మొదట్లో నిలబడి, అంతమంది ఏ కొమ్మల మీద కూర్చుని ఉంటారోనని చాలాసేపు పైకి చూశారు. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా అడిగారనీ, ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయనీ తెలిశాక, గండిపేట చెరువు అని పిలిచే ఉస్మాన్‌సాగర్ కట్ట చూడకుండా ఉండలేకపోయాం. మంచినీటి చెరువు అనుకున్నది వరదను ఆపడానికి కూడా కట్టిందేనని ఆ కట్ట మీద నిలబడినప్పుడు వాళ్లకు బోధపడింది. తరువాత నది వెంట వెనక్కి వచ్చి 1578లో కట్టిన పురానాపూల్ తోరణాలు లెక్కపెట్టారు, హైకోర్టు భవనాన్ని అవతలి ఒడ్డు నుంచి చూశారు, అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా నది దారిని పటం మీద గీశారు. చరిత్ర, భూగోళం, లెక్కలు, కొంత సివిక్స్ కూడా ఇందులో ఉన్నాయి, వేటికవి విడదీసి చెప్పాల్సిన అవసరం మాత్రం రాలేదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం దగ్గర మధ్యాహ్నం పన్నెండు గంటలకు చేరే జనాన్ని చూసినవారికి నేను చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది. చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది, జనం చప్పట్లు కొట్టి కదిలిపోతారు. మా అబ్బాయి మాత్రం క్షణానికొకసారి సుత్తితో కొట్టే కమ్మరి బొమ్మ దగ్గరే ఉండిపోయి, వీడి చెయ్యి ఎవరు లాగుతున్నారని అడిగాడు. ఇంటికొచ్చి, ఆగిపోయిన పాత అలారం గడియారాన్ని వాళ్ల నాన్నతో కలిసి విప్పి, పళ్ల చక్రాలు వరసగా కాగితం మీద పరిచి, పెద్ద చక్రం పళ్లనూ చిన్న చక్రం పళ్లనూ లెక్కపెట్టి, పెద్దది ఒక చుట్టు తిరిగితే చిన్నది ఎన్నిసార్లు తిరగాలో కట్టాడు. మరుసటి వారం మళ్లీ అదే గడియారం చూడాలన్నాడు. బడితో వెళ్లే విహారయాత్రలో లేని వెసులుబాటు ఇదే: ఒకే వస్తువు కోసం మళ్లీ వెళ్లవచ్చు, మిగతా గదులన్నీ చూడకుండా తిరిగి రావచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో నాకూ అమ్మాయికీ చార్జీ లేకపోవడం ఇందుకు ఎంత తోడ్పడిందో చెప్పలేను. అబ్బాయికి మాత్రం అర టికెట్టు తీసుకుంటాం.

ఇన్ని తలుపులు తెరిచిన ఈ నగరంలోనే కొన్ని తలుపులు మా ముందు మూసుకున్నాయి. ఒక ప్రదర్శనశాల టికెట్ కౌంటరులో విద్యార్థుల రాయితీ అడిగితే బడి ఇచ్చిన గుర్తింపు కార్డు చూపమన్నారు. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ చూపించినా, ఇంటి దగ్గర చదువుకుంటున్నారని వివరించినా, స్కూలు కార్డు లేకపోతే స్టూడెంటు కాదమ్మా అన్నారు. తేడా కొద్ది రూపాయలే, కట్టి లోపలికి వెళ్లాం. కానీ పక్కనే నిలబడి ఆ మాట విన్న పిల్ల రోజంతా ముభావంగా ఉంది. మరోచోట సైన్సు ప్రయోగాలు చేసి చూపించే గదిలో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నా, అది బడుల బ్యాచ్‌లకు మాత్రమేనని మమ్మల్ని బయటే ఆపేశారు. అక్కడి సిబ్బంది తప్పేమీ లేదు, వాళ్ల చేతిలో ఉన్న కాగితం మీద అలాగే రాసి ఉంది. మార్చాల్సింది ఆ కాగితాన్ని.

గ్రంథాలయాల విషయం నన్ను మరింత బాధిస్తుంది. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని నెలకొల్పిన ఊరు ఇది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టి పల్లెలకు చేర్చిన జాతి మనది. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఇప్పటికీ మనందరం కడుతున్నాం. అటువంటప్పుడు పేటలోని శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాల బీరువాకు తాళం వేసి ఉండడం, అడిగితే తాళంచెవి ఉన్నాయన సాయంత్రం వస్తారని చెప్పడం ఎలా సరిపెట్టుకోవాలి? పోటీ పరీక్షలకు చదువుకునే యువతీయువకులతో ఆ గదులు నిండి ఉండడం సంతోషమే. ఒక మూల చాప పరిచి పిల్లల పుస్తకాలు అందుబాటులో పెడితే వాళ్లకు అడ్డమేమీ కాదు.

ఇంటి చదువు చట్టబద్ధమేనా అని అడిగేవారికి తెలిసినంత వరకూ సూటిగా చెబుతాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతుంది, చేర్పించకపోతే శిక్ష ఏదీ చెప్పదు. ఇంటి చదువు అన్న ప్రస్తావన చట్టంలో ఎక్కడా లేదు. ఎప్పుడైనా బడికి వెళ్లాలనుకుంటే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. పద్నాలుగేళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గానీ, రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గానీ పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఆరేళ్లకూ పద్నాలుగేళ్లకూ మధ్య ఉన్న ఈ కాలం గురించి విద్యాశాఖ ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చి, కుటుంబాలు స్వచ్ఛందంగా నమోదు చేసుకునే వీలు కల్పిస్తే మాకు భయం పోతుంది, నిజంగా చదువు మానేసిన పిల్లలెవరో గుర్తించడం అధికారులకూ తేలికవుతుంది. మా ఇంటికి వచ్చి పిల్లల పుస్తకాలు చూసి, వాళ్లతో మాట్లాడే అధికారి ఎవరైనా ఉంటే సాదరంగా ఆహ్వానిస్తాం.

బడులు అనవసరమని నేను అనడం లేదు. ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకుని, చదువు చెప్పగలిగి, ఊరంతా తిప్పగలిగితేనే మా పద్ధతి సాగుతుంది. అది అందరికీ సాధ్యం కాదు. మధ్యాహ్న భోజనం పెట్టి, పక్క వీధి పిల్లలందరినీ ఒకే చోట కూర్చోబెట్టే ప్రభుత్వ బడి చేసే పని ఏ ఇల్లూ చేయలేదు. స్నేహితుల సంగతేమిటన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అందుకే సాయంత్రాలు మైదానంలో ఆటలకూ, వారానికొకసారి మాలాంటి మరికొన్ని కుటుంబాలతో కలవడానికీ ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకుంటున్నాం. అయితే నేను అడుగుతున్న మార్పుల వల్ల లాభపడేది ఇంటి దగ్గర చదివే కొద్దిమంది మాత్రమే కాదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పది రోజుల పాటు పుస్తకాల సంచీ లేని చదువు ఉండాలని సూచించింది. సెలవు రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే కూలి తల్లికీ, ఆటోడ్రైవరు తండ్రికీ కూడా ఇవే కౌంటర్లు, ఇవే గదులు ఎదురవుతాయి.

అందువల్ల రాష్ట్ర ప్రభుత్వానికీ, ప్రదర్శనశాలల నిర్వాహకులకూ నా విన్నపం ఇది. పిల్లల రాయితీని బడి కార్డును బట్టి కాకుండా వయసును బట్టి ఇవ్వండి. బడుల బ్యాచ్‌లో ఖాళీలు మిగిలితే తల్లిదండ్రులతో వచ్చిన పిల్లల్ని కూర్చోనివ్వండి. వారంలో ఒక పనిదినాన, ముందే ప్రకటించిన వేళకు, గైడు తెలుగులో వివరించే ఏర్పాటు చేయండి. వస్తువుల పక్కన తెలుగు వివరణ పిల్లల కంటికి అందే ఎత్తులో, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో ఉండాలి. ఈ ఒక్క పని శ్రద్ధగా చేసినా నేను ఎంతో సంతోషిస్తాను, ఎందుకంటే తానే చదివి తెలుసుకున్న పిల్ల మన మాట కోసం ఆగదు. శాఖా గ్రంథాలయాల్లో పిల్లల పేరుతోనే సభ్యత్వ కార్డు ఇచ్చి, తల్లిదండ్రుల హామీ తీసుకుని, ఉదయం పూట కూడా పుస్తకాలు ఇవ్వండి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవనీ, జూపార్కుకు సోమవారం సెలవనీ తెలియక పిల్లలతో గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేవారిని మేము చూస్తూనే ఉంటాం. మీ హైదరాబాదు జిల్లా పేజీలో వారానికొకసారి నగరంలోని ప్రదర్శనశాలలు, గ్రంథాలయాలు, పార్కుల వేళలు, సెలవులు, పిల్లల టికెట్ ధరలు, అక్కడికి వెళ్లే బస్సు నంబర్లు ఒక చిన్న పెట్టెలో ప్రచురించగలరా? వివరాలు సేకరించి పంపే పనిలో మా కుటుంబాలు సంతోషంగా సాయం చేస్తాయి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
మల్కాజిగిరి, హైదరాబాదు.