సీనియర్లకు సన్మానం: పేర్లు పంపండి

అందరికీ నమస్కారం.

డిసెంబర్ 5, ప్రపంచ నేల దినోత్సవం రోజున మట్టి, భూగర్భజలాల పరిశోధనలో జీవితమంతా గడిపిన మన సీనియర్లను సన్మానిస్తున్నాం. ఉదయం 10 గంటలకు, డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లో.

నవంబర్ 20 లోపు ఒక్కొక్కరు ఒక పేరు పంపండి. పేపర్ల లిస్టు వద్దు. వాళ్ల పని వల్ల ఏ ఊళ్లో ఏం మారిందో పది లైన్లు చాలు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చూడటానికి నల్గొండ పల్లెలు తిరిగినవాళ్లు, ఆగర్ (మట్టి నమూనా తీసే బర్మా) భుజానేసుకుని చౌడు నేలల్లో శాంపిళ్లు తీసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్ గారికి 2020లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది మట్టి పనికే కదా!

ఫీల్డు ఫొటోలుంటే జత చేయండి. శాలువాలు మాత్రం వద్దు, అందరి బీరువాలూ నిండిపోయాయట 😀

మర్చిపోవద్దు: పేరు పంపేముందు వాళ్లకు ఫోన్ చేసి, ఆ రోజు రాగలరో లేదో కనుక్కోండి.