నేనెవరో నేను చెబితే చెల్లదా?

సంపాదకులకు నమస్కారం.

ఆధార్‌లో పేరు తేడాగా ఉందని పింఛను ఆపేసిన వృద్ధురాలి వార్త మీ పత్రికలో పోయిన వారం చదివాను. ‘పౌరులు తమ వివరాలు ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి’ అని అధికారిగారు సెలవిచ్చారు. ఆ వివరాలు కంప్యూటరులో కొట్టింది ఆవిడా? శిబిరంలో జనం పెరిగిపోతున్నారని హడావిడిగా కొట్టిపారేసిన ఆపరేటరుకు మాత్రం ఏ హితబోధా లేదు.

మా అమ్మ రేషన్ కార్డులో వెంకటలక్ష్మి, ఆధార్‌లో వెంకట లక్ష్మమ్మ, బ్యాంకు పుస్తకంలో ఉత్త లక్ష్మి. ముగ్గురూ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ ముద్ర వేయించి తీసుకెళ్లాం. కౌంటరులోని కుర్రవాడు కాగితం అటూ ఇటూ తిప్పి, ‘ఇంటిపేరు పుట్టింటిదా, అత్తింటిదా?’ అని నన్ను అడిగాడు. ఎదురుగానే కూర్చున్న మనిషిని అడగలేదు. ఆవిడ తాను ఫలానావారి కోడలినని, రామాలయం వీధిలో చివరి ఇల్లని చెబుతూనే ఉంది. ఊళ్లో ఎవరికైనా ఆ మాట చాలు.

మిర్చి తొడిమలు తీసీ తీసీ వేలిముద్రలు అరిగిపోయిన ఆడవాళ్లు మా గుంటూరు వైపు ఎందరో. రేషన్ దుకాణంలో బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అదీ పడకపోతే చీర చెంగుకు తుడుచుకుని మళ్లీ బొటనవేలు. డీలరుకు ఆమె పేరేమిటి, పిల్లల పేర్లు కూడా తెలుసు. తెలిసి ఏం లాభం, గుర్తుపట్టాల్సింది యంత్రం కదా!

తాను స్త్రీనో పురుషుడినో తృతీయ లింగానికి చెందినవారినో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదేనని 2014లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 2019లో చట్టం వచ్చేసరికి దానికీ జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రం తగిలించారు. మన దగ్గర ఏ హక్కయినా చివరికి ఒక దరఖాస్తు ఫారంగా తేలుతుంది. ఆ ఫారం నింపాలన్నా మళ్లీ గుర్తింపు కార్డు నకలు జతచేయాలి.

ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితకాలంలో రెండే అవకాశాలు ఇచ్చారు. ఆపరేటరు చేసిన తప్పును దిద్దించుకోవడం ఆ రెండింటి లెక్కలోకి రాకూడదు, దానికి రుసుమూ అడగకూడదు. అధికారిగారు ఈసారి ప్రకటన ఇచ్చేటప్పుడు పౌరుల బాధ్యతలతోపాటు ఈ సంగతి కూడా తేల్చి చెప్పాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసరావుపేట